వారాంతాలకు, ట్రాక్ డేలకు సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: ఈ మూడింట్లో ఏది?

నాలుగో_గేరు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరు రాసేవన్నీ రెండేళ్లుగా చదువుతున్నాను, నోరు విప్పడం ఇదే మొదటిసారి. చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న కోరిక ఇన్నాళ్లకు తీరేలా ఉంది. ఇంటి అవసరాలకు ఒక ఆటోమేటిక్ కారు ఉంది. అది కాకుండా శని, ఆదివారాల్లో సరదాగా నడుపుకోవడానికి, ట్రాక్ డేలకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజులు), కుదిరితే ఆటోక్రాస్ పోటీలకి (కోన్లు పెట్టిన దారిలో ఒక్కొక్కరుగా టైముకి నడిపేవి) తీసుకెళ్లడానికి ఒక పాత స్పోర్ట్స్ కారు కొందామనుకుంటున్నాను. గేర్లు మాన్యువల్‌వే ఉండాలి, ఇంజన్ బలం వెనక చక్రాలకే వెళ్లాలి. ఈ రెండింటి మీద రాజీ లేదు.

మూడు చూసిపెట్టుకున్నాను. ఒకటి 2003 మాజ్దా ఎంఎక్స్-5, 1.8 లీటర్ ఇంజన్. పదకొండేళ్లుగా ఒకే మనిషి దగ్గర ఉంది, బిల్లులన్నీ ఫైల్లో పెట్టి దాచారు. రెండోది 2001 పోర్షా బాక్‌స్టర్. ఫొటోల్లో అద్దంలా మెరుస్తోంది. మూడోది 2013 టయోటా 86, ఇప్పుడున్న ఓనరు టర్బో పెట్టించారు. 300 హార్స్‌పవర్ వస్తుందంటున్నారు.

నిజం చెప్పాలంటే నా మనసు మూడోదాని మీదే ఉంది. రాత్రి పడుకునే ముందు దాని ఫొటోలే చూస్తున్నాను. మీ సలహా కావాలి.

పాత_ఇంజను | శనివారం, రాత్రి 10:25

స్వాగతం తమ్ముడూ. ఏ కారో చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు. నీ ఎత్తెంత? ట్రాక్‌కి కారు నడుపుకుంటూ వెళ్లి అదే కారులో ఇంటికి రావాలా, లేక ట్రెయిలర్ మీద తీసుకెళ్తావా? నీడపట్టున పెట్టుకునే చోటుందా? అన్నిటికన్నా ముఖ్యమైనది, కారు కొన్నాక చేతిలో ఎంత మిగులుతుంది?

ఆఖరిది ఎందుకు అడుగుతున్నానంటే, పాత కారుకి అసలు ఖర్చు కొన్న మర్నాడు మొదలవుతుంది. ఎంత బాగా చూసుకున్న కారైనా సరే, ట్రాక్ ఎక్కించే ముందు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఫ్లూయిడ్, ఇంజన్ ఆయిలు, గేర్‌బాక్స్ ఆయిలు, డిఫరెన్షియల్ ఆయిలు, కూలెంట్, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చాల్సిందేనని లెక్కేసుకో. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం చూపించలేకపోతే అదీ మార్చాలి. నా లెక్కలో మొత్తం డబ్బులో మూడో వంతు పక్కన ఉండాలి. హెల్మెట్ కూడా అందులోంచే.

నాలుగో_గేరు | శనివారం, రాత్రి 10:52

ఆరడుగుల ఒక అంగుళం అన్నా. నడుపుకుంటూనే వెళ్లాలి, రావాలి. నీడ ఉంది. ఎంఎక్స్-5 తీసుకుంటే 40 శాతం దాకా మిగులుతుంది. బాక్‌స్టర్ అయితే పావు వంతు. 86 అయితే దాదాపు ఏమీ మిగలదు.

పాత_ఇంజను | శనివారం, రాత్రి 10:55

అయితే 86 మర్చిపో. ఎందుకో రేపు వివరంగా రాస్తాను.

మెత్తని_స్టీరింగ్ | ఆదివారం, ఉదయం 6:30

ట్రాక్ డేల్లో కొత్తవాళ్ల పక్క సీట్లో కూర్చుని నేర్పుతుంటాను. తొమ్మిదేళ్లయింది. అందుకని పవర్ గురించి నేను చెప్తాను, ఇంజన్ సంగతి పెద్దాయన చెప్తారు.

300 హార్స్‌పవర్ కారులో కొత్త డ్రైవరు మలుపు ఎంత చెత్తగా తీసుకున్నా ఆ సంగతి అతనికి తెలియదు. తర్వాత వచ్చే స్ట్రెయిట్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే తప్పంతా కప్పుకుపోతుంది. అదే తక్కువ పవర్ ఉన్న తేలికపాటి కారులో, మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు ఐదు కిలోమీటర్ల వేగం పోగొట్టుకుంటే ఆ నష్టం స్ట్రెయిట్ చివరిదాకా వెంటాడుతుంది. ఎక్కడ బ్రేకు వదలాలి, చూపు ఎక్కడ ఉండాలి, స్టీరింగ్ ఎంత నెమ్మదిగా తిప్పాలి అన్నవన్నీ ఆ నష్టమే నేర్పుతుంది. నా దగ్గర బాగా ఎదిగినవాళ్లలో ఎక్కువమంది చిన్న ఇంజన్లతో మొదలుపెట్టినవాళ్లే.

ఇంకోటి. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. 80లో ఆపడానికీ 160లో ఆపడానికీ తేడా రెండింతలు కాదు. పవర్ పెంచినవాళ్లు బ్రేకుల గురించి ఆలోచించకపోతే ఏమవుతుందో పక్క సీట్లోంచి చూశాను. ఓ కుర్రాడు, ఇంజన్ బాగా పెంచిన కారు, బ్రేకులు మాత్రం కంపెనీ ఇచ్చినవే, ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో అతనికే తెలియదు. నాలుగో ల్యాప్‌లో "పెడల్ కాస్త మెత్తగా ఉంది సార్" అన్నాడు. పిట్‌లోకి వచ్చెయ్యమన్నాను. ఆ పిట్ దారి రావాలంటే ముందు స్ట్రెయిట్ దాటాలి. దాని చివర అతని కాలు నేరుగా కార్పెట్‌కి తగిలింది. మధ్యలో ఏ పట్టూ లేదు. గేర్లు దించుకుంటూ, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని గ్రావెల్‌లోకి వెళ్లి ఆగాం. ఇద్దరికీ ఏమీ కాలేదు. కారు దిగాక అతని చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

డాట్ 4 రకం బ్రేకు ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాల్లో తేమ పీల్చుకుని పాతబడితే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ నేలకి అంటుతుంది. గంట పనితో, ఒకటి రెండు డబ్బాల ఫ్లూయిడ్‌తో తప్పిపోయే ప్రమాదం అది. ఏ కారు కొన్నా సరే, మొదటి ట్రాక్ డేకి ముందు ఆ పని చెయ్యండి. ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను.

నిశ్శబ్ద_సైలెన్సర్ | ఆదివారం, ఉదయం 8:05

హోండా ఎస్2000 చూడలేదా బ్రదర్? 2 లీటర్ ఇంజన్, 9000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. అది ఒక్కసారి విన్నాక ఇంకో కారు నచ్చదు.

నాలుగో_గేరు | ఆదివారం, ఉదయం 8:20

చూశాను బ్రదర్. మంచి కండిషన్‌లో ఉన్నవి నాకు అందవు. అందేవి చూస్తే భయమేసింది.

పాత_ఇంజను | ఆదివారం, ఉదయం 11:10

మాటిచ్చినట్టు 86 గురించి. కారుకి వంక పెట్టను, అది చాలా మంచి కారు. కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టు ఉంటే నేనే కొనమనేవాణ్ని. ఇంజన్ కిందుగా కూర్చుంటుంది, బ్యాలెన్స్ చక్కగా ఉంటుంది, 200 హార్స్‌పవర్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ సమస్య టర్బోతో. ఆ ఇంజన్ కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క, 12.5. అది ఎక్కువే. టర్బో లేకుండా నడవడానికి లెక్కేసి చేసిన ఇంజన్ అది. దాని మీద టర్బోతో గాలి కుక్కితే సిలిండర్‌లో నాకింగ్‌కి (పెట్రోలు అదుపు తప్పి పేలడానికి) దగ్గరవుతుంది. ట్యూనింగ్ బాగా తెలిసినవాళ్లు చేస్తే రోడ్డు మీద ఏళ్ల తరబడి నడుస్తుంది, కాదనను. ట్రాక్ మీద సంగతి వేరు. ఇరవై నిమిషాలు వరసగా తొక్కిపెట్టి నడిపితే ఆయిల్ వేడి, కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి అన్నీ పైకి పోతాయి. ఎవరు ట్యూన్ చేశారు, ఏ పెట్రోలుకి చేశారు, ఆయిల్ కూలర్ ఉందా, డైనో కాగితం (మిషన్ మీద పవర్ కొలిచిన రిపోర్టు) ఉందా? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే నువ్వు కొనేది ఎవరో మొదలుపెట్టి వదిలేసిన ప్రయోగం.

ఇంకో సంగతి. 2012, 2013 తయారీ కార్లకి వాల్వ్ స్ప్రింగుల రీకాల్ వచ్చింది, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే కార్లని వెనక్కి పిలిచింది. ఆ పనికి ఇంజన్ కిందికి దించాలి. చేయించారా, ఎప్పుడు చేయించారు, టర్బో పెట్టకముందా తర్వాతా అని అడుగు.

బాక్సర్_ఆరు | ఆదివారం, మధ్యాహ్నం 2:35

ఏడేళ్లుగా 986 (మొదటి తరం) బాక్‌స్టర్ నా దగ్గర ఉంది కాబట్టి దాని తరఫున నేను మాట్లాడాలి. ఇంజన్ మన వెనకే, రెండు ఇరుసుల మధ్య ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే ముక్కు వెంటనే తిరుగుతుంది, ఆ హాయి మాటల్లో చెప్పలేను. కానీ ఇంజన్ లోపల ఐఎంఎస్ అని ఒక బేరింగ్ ఉంటుంది, ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ది. అది పోతే తరచూ ఇంజన్ మొత్తం పోతుంది. 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో ఆ షాఫ్టే లేదు. మీరు చూస్తున్న 2001 కారులో ఉంది.

అన్ని కార్లకీ పోతుందని కాదు. నాది పోలేదు, ఎందుకంటే క్లచ్ మార్చినప్పుడే ఆ బేరింగ్ కూడా మార్పించాను. గేర్‌బాక్స్ దించితేనే దాని దగ్గరికి చేరగలం, క్లచ్‌కీ అదే దించాలి. అందుకని అమ్మేవాళ్లని ఒకే ఒక్క మాట అడగండి: "క్లచ్ బిల్లు చూపిస్తారా?" అందులో బేరింగ్ మాట లేకపోతే ఆ ఖర్చు మీదేనని రాసుకోండి. స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ దట్టంగా వచ్చి ఆగకపోతే ఎయిర్ ఆయిల్ సెపరేటర్ (ఇంజన్ ఆవిర్లలోంచి ఆయిల్‌ని వేరుచేసేది) పోయి ఉండొచ్చు. కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్‌ది, చిట్లుతుంది, దాని కింద తడి చూడండి.

పావు వంతు మిగులుతుందన్నారు. బాక్‌స్టర్‌ని ప్రేమించేవాడిగా చెప్తున్నాను, దీనికి ఆ పావు వంతు చాలదు.

కోన్_లెక్క | ఆదివారం, రాత్రి 7:15

మా క్లబ్బులో ఆటోక్రాస్ టైమింగ్ చూసేది నేనే. ఇంకా ఎవరూ చెప్పని కోణం ఒకటి. పోటీల్లో కార్లని తరగతులుగా విడదీస్తారు. మార్పులు చెయ్యని కారు అలాంటివాటితోనే పోటీ పడుతుంది. టర్బో పెట్టిన 86 ఏ తరగతిలోకి వెళ్తుందో తెలుసా? సీట్లు పీకేసి, స్లిక్ టైర్లు (గాట్లు లేని రేసు టైర్లు) వేసుకుని, ఏళ్ల తరబడి ఒకే కారు మీద పని చేసినవాళ్ల తరగతిలోకి. మొదటి సంవత్సరమే అక్కడ ఆఖరి స్థానం చూస్తూ కూర్చోవడం నిజంగా బాధగా ఉంటుంది, అలా మానేసినవాళ్లని చూశాను. కొనే ముందే మీరు దిగబోయే క్లబ్బు రూల్స్ చదవండి.

ఎంఎక్స్-5కి ఇంకో లాభం, అది లేని పోటీ ఉండదు. 1989లో వచ్చింది, 2016 ఏప్రిల్‌లో పది లక్షలో కారు తయారైంది. అన్ని కార్లున్నాయంటే విడిభాగాలకి, తెలిసిన మెకానిక్కులకి కొదవ ఉండదు. మీకు ఎదురైన సమస్య అప్పటికే ఎవరికో ఎదురై ఉంటుంది, జవాబు ఎక్కడో రాసిపెట్టి ఉంటుంది.

ఎర్ర_రోడ్‌స్టర్ | ఆదివారం, రాత్రి 9:50

ఎన్‌బీ ఎంఎక్స్-5 (రెండో తరం, మీరు చూస్తున్న 2003ది అదే) నాకు మూడోది ఇది, రెండింటిని తుప్పు తినేసింది. కాబట్టి చూసి వచ్చేటప్పుడు నేను చెప్పినట్టు చూడండి గారు.

ఇంజన్ చివర్లో చూడండి. ముందు మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింద ఉండే సిల్ చూడండి, ముఖ్యంగా వెనక చక్రానికి ముందు ఉండే చివరి జానెడు. టాపు మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ గొట్టాల్లోంచి కిందికి దిగాలి. వాటిలో ఆకులు, మట్టి చేరి మూసుకుపోతే ఆ నీళ్లు సిల్ లోపలికి, కార్పెట్ కిందికి పోతాయి. పైన పెయింటు బాగానే ఉంటుంది, లోపల ఏళ్ల తరబడి నానుతుంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొట్టండి. మంచి రేకు టంగుమంటుంది. పుచ్చిన రేకు, పుట్టీ నింపిన రేకు మొద్దుగా మోగుతుంది. సీటు వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టండి, తడిగా ఉందా?

తర్వాత జాకీ మీద ఎత్తించి, కారు కింద ముందు వైపు పొడవుగా ఉండే రైల్స్ చూడండి. ఎన్‌బీలో అవి కూడా తుప్పు పడతాయి, సస్పెన్షన్ దగ్గర. సిల్ అయినా వెల్డింగ్ చేయించొచ్చు, రైల్స్ పోతే నేనైతే వదిలేస్తాను.

గేర్లు: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త మొరాయిస్తుంది, అది ఈ కార్ల స్వభావం. వేడెక్కాక కూడా కరకరమంటే సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే భాగం) అరిగింది. 1999, 2000 కార్లైతే ఇంకో పరీక్ష ఉంది: ఒకరిని క్లచ్ తొక్కి వదలమని, మీరు ముందు నుంచి క్రాంక్ పుల్లీ (ఇంజన్ ముందు బెల్టు తిప్పే చక్రం) చూడండి. అది కంటికి కనిపించేలా ముందుకీ వెనక్కీ జరిగితే థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్ షాఫ్ట్‌ని ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టేది) పోతున్నట్టు. ఆ రెండేళ్ల ఇంజన్లలో కొన్నిటికి ఆ లోపం ఉంది.

మీ ఎత్తుకి ఒక చీపురు కర్ర కూడా వెంట తీసుకెళ్లండి. హెల్మెట్ పెట్టుకుని సీట్లో బెల్టుతో కూర్చోండి. రోల్ బార్ (కారు తిరగబడితే తలని కాపాడడానికి సీట్ల వెనక ఉండే ఇనుప కడ్డీ) పై అంచు నుంచి ముందు అద్దం పై అంచు దాకా కర్ర పెట్టమనండి. అది మీ హెల్మెట్‌కి తగలకూడదు, మధ్య రెండు అంగుళాలైనా ఖాళీ ఉండాలి. లేదంటే కారు తలకిందులైతే ముందు నేలని తాకేది మీ తల. చాలా ట్రాకుల వాళ్లు ఓపెన్ టాప్ కార్లని రోల్ బార్ లేకుండా, ఈ పరీక్ష లేకుండా లోపలికి రానివ్వరు. ఆరడుగులు దాటినవాళ్లు సీటు కుషన్‌లో ఫోమ్ కోయించుకుంటారు, లేదా కిందుగా ఉండే బకెట్ సీటు వేయించుకుంటారు.

నాలుగో_గేరు | తర్వాతి ఆదివారం, రాత్రి 8:30

మూడూ చూసి వచ్చాను.

86: పదింటికి వస్తానని, ఇంజన్ చల్లగా ఉంచమని ముందే చెప్పాను. వెళ్లి బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. పొద్దున పాలకి వెళ్లొచ్చానన్నారు. ట్యూనింగ్ కాగితం అడిగితే ఫోన్లో ఒక ఫొటో చూపించారు, అందులో కారు నంబరు లేదు. రీకాల్ పని గురించి అడిగితే దేని గురించి అంటున్నారో ఆయనకి అర్థం కాలేదు. నడిపి చూశాను, నిజంగా రాకెట్టే. వెనక్కి వచ్చేటప్పుడు దారంతా దాని గురించే ఆలోచించాను. వదిలేశాను.

బాక్‌స్టర్: క్లచ్ ఎప్పుడూ మార్చలేదట. అంటే బేరింగూ మార్చలేదు. థాంక్యూ చెప్పి వచ్చేశాను.

ఎంఎక్స్-5: ఇక్కడే మనసు విరిగింది. ఓనరు చాలా మంచి మనిషి. ఫైల్ చూపించారు, టైమింగ్ బెల్టు బిల్లు కూడా ఉంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూపించారు, వాటి మధ్య తేడా పది శాతం లోపే. కుడి సిల్ టంగుమంది. ఎడమ సిల్ మీద స్క్రూడ్రైవర్ పిడితో కొడితే మెత్తటి చెక్క మీద కొట్టినట్టు వినిపించింది. మళ్లీ కొట్టాను, పెయింటు పొర ఒకటి రూపాయి బిళ్లంత ఊడి వచ్చింది, లోపల గోధుమరంగు పొడి. సీటు వెనక కార్పెట్ తడిగా ఉంది. ఆయన ముఖం చూడలేకపోయాను, ఆయనకి ఆ సంగతి నిజంగా తెలియదు.

తగ్గించి ఇస్తానంటున్నారు. ఇంజన్ అంత బాగుంది కదా, సిల్ వెల్డింగ్ చేయించుకుని తీసుకోనా?

నిశ్శబ్ద_సైలెన్సర్ | ఆదివారం, రాత్రి 8:41

తీసేసుకో బ్రదర్. ఇంజన్ మంచిదైతే రేకు పని ఎంతసేపు? ఒక వారం.

పాత_ఇంజను | ఆదివారం, రాత్రి 9:05

ఈ విషయంలో నిశ్శబ్ద_సైలెన్సర్‌తో నేను ఏకీభవించను. ఇంజన్ ఇంకోటి దొరుకుతుంది, సగం రోజులో దింపి సగం రోజులో ఎక్కిస్తాను. బాడీ ఇంకోటి దొరకదు. సిల్ అనేది ఓపెన్ టాప్ కారుకి వెన్నెముక లాంటిది, పైన కప్పు లేదు కాబట్టి బలమంతా దాని మీదే ఉంటుంది. బయట రూపాయి బిళ్లంత కనిపిస్తే లోపలి పొర అరచేతంత పోయి ఉంటుంది.

ఎర్ర_రోడ్‌స్టర్ | ఆదివారం, రాత్రి 9:30

నేనూ వదిలెయ్యమనే అంటాను, కానీ తుప్పు ఉందని ఆయనకి ఫొటోలతో సహా చెప్పండి. నా రెండో కారుకి సిల్స్ చేయించాను. వెల్డర్ కోసేకొద్దీ మంచి రేకు ఎక్కడ మొదలవుతుందా అని వెతకాల్సి వచ్చింది. మొదట చెప్పిన అంచనాకి చివరి బిల్లుకి పొంతన లేదు. రెండేళ్ల తర్వాత అదే చోట మళ్లీ బుడగలు లేచాయి. తొందరపడకండి, ఈ కార్లు చాలా ఉన్నాయి.

కోన్_లెక్క | సోమవారం, ఉదయం 7:40

వెతికేటప్పుడు మెరిసే కార్లు వద్దు. రంగు వెలిసినది, టాపు చిరిగినది, కానీ ఎవరో ఒకరు ఇప్పటికే ట్రాక్‌కి తీసుకెళ్తున్నది చూడండి. ట్రాక్ కారంటే నలిపేసి ఉంటారని చాలామంది భయపడతారు. నా అనుభవంలో అలాంటివాళ్లు ఆయిల్ నెలల లెక్కన మారుస్తారు, ప్రతి బోల్టూ వాళ్లకి గుర్తుంటుంది. రోల్ బార్, మంచి ప్యాడ్లు, సీటు అన్నీ దాంతోనే వస్తాయి. మీరు విడిగా పెట్టిస్తే అయ్యే ఖర్చులో చిన్న భాగానికే దొరికినట్టు.

నాలుగో_గేరు | ఐదు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:20

కొన్నాను!

2000 ఎంఎక్స్-5, 1.8. ఒకప్పుడు నీలం రంగట, ఇప్పుడు బానెట్ మీద అక్కడక్కడా తెల్లబడింది. టాపు గుడ్డ పాతబడిపోయింది. కానీ రోల్ బార్ ఉంది. అమ్మినావిడ నాలుగేళ్లు ఆటోక్రాస్‌లో నడిపారు. ఒక నోటుపుస్తకం ఇచ్చారు. ఏ తేదీన ఏ ఆయిల్, ఏ ప్యాడ్లు, ఏ చక్రానికి ఎంత గాలి, అన్నీ పెన్నుతో రాసి ఉన్నాయి. ఒక పేజీలో "రెండో గేరు చలికి మొరాయిస్తుంది, తొందరపెట్టకు" అని రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం చదివాక ఇంకో కారు చూడాలనిపించలేదు.

సిల్స్ రెండూ టంగుమన్నాయి. రైల్స్ కింద నల్లటి మైనం పూత వేయించారు. పుల్లీ పరీక్ష చేశాం, ఆవిడ క్లచ్ తొక్కారు, నేను టార్చి వేసి చూశాను, కదల్లేదు. డ్రెయిన్లలో మగ్గుతో నీళ్లు పోస్తే క్షణాల్లో కింద నేల మీద పడ్డాయి. చీపురు కర్ర మాత్రం హెల్మెట్‌కి ఆనుకుంది. సీటు ఫోమ్ రెండున్నర అంగుళాలు కోయించాను, ఇప్పుడు రెండు అంగుళాలు దాటి ఖాళీ ఉంది.

టైర్ల పక్కన నాలుగంకెలు చూశాను, 1416 అని ఉంది. అంటే 2016లో 14వ వారం తయారైనవి. గాట్లు బోలెడున్నాయి కానీ రబ్బరు గట్టిపడిపోయింది. నాలుగూ మార్చాను. ఫ్లూయిడ్ మార్చాను, పాతది టీ డికాషన్ రంగులో వచ్చింది. ఇంకా డబ్బు మిగిలే ఉంది అన్నా.

పాత_ఇంజను | శనివారం, సాయంత్రం 5:45

చాలా సంతోషం తమ్ముడూ. ఆ నోటుపుస్తకం జాగ్రత్త. నువ్వూ అందులోనే రాయి.

మెత్తని_స్టీరింగ్ | శనివారం, రాత్రి 8:10

అభినందనలు. హెల్మెట్ ఇంకా కొనకపోతే ఒక మాట. స్నెల్ (హెల్మెట్లని పరీక్షించే సంస్థ) స్టిక్కర్ మీద ఎస్‌ఏ అని ఉన్నది తీసుకోండి, ఎం అని ఉన్నది మోటార్ సైకిళ్లది. ఎస్‌ఏలో లోపలి గుడ్డ మంటని తట్టుకునేలా చేస్తారు, రోల్ బార్‌కి తల తగిలే దెబ్బకి కూడా పరీక్ష పెడతారు. సంవత్సరం కూడా చూసుకోండి, చాలా క్లబ్బులు పాత స్టిక్కర్లని ఒప్పుకోవు.

నాలుగో_గేరు | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

ఈ రోజు మొదటి ఆటోక్రాస్. ఐదు రన్నులు ఇచ్చారు. మొదటి దాంట్లో దారి తప్పాను, రెండు కోన్లు పడ్డాయి. రెండో దాంట్లో మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేశాను, వెనక భాగం తిరిగిపోయి కారు వచ్చిన వైపే చూస్తూ ఆగింది. ఇంజన్ ఆగిపోయింది, చుట్టూ నిశ్శబ్దం, టైర్ల వాసన. అప్పుడు నా గుండె చప్పుడు హెల్మెట్‌లో నాకే వినిపించింది.

ఒక సీనియర్ దగ్గరికి వచ్చి, వదిలెయ్యగానే బరువంతా ముందుకి పోయి వెనక టైర్లు తేలికైపోతాయని, కాలు మెల్లగా తియ్యమని చెప్పారు. ఐదో రన్ మొదటిదానికన్నా ఆరు సెకన్లు తక్కువ. తరగతిలో పదకొండు మందిలో తొమ్మిదో స్థానం. ఇంటికి వచ్చేటప్పుడు టాపు తీసి నడిపాను.

వచ్చే శనివారం మొదటి ట్రాక్ డే. టైర్లలో గాలి ఎంత పెట్టాలి?

మెత్తని_స్టీరింగ్ | ఆదివారం, రాత్రి 9:50

ఆరు సెకన్లు మంచి ప్రగతి.

గాలి సంగతి: ట్రాక్ మీద టైరు వేడెక్కితే నాలుగు నుంచి ఆరు పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది. కాబట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడు మామూలుకన్నా కాస్త తక్కువతో మొదలుపెట్టి, సెషన్ అయి పిట్‌లోకి రాగానే వేడి మీదే కొలిచి, ఎక్కువున్నంత తీసెయ్యండి. నాలుగు చక్రాలకీ విడివిడిగా రాసుకోండి. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపడం మర్చిపోవద్దు.

చివరి ల్యాప్ బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిరిగి రండి. ఆగాక హ్యాండ్ బ్రేకు వెయ్యకండి, మండుతున్న ప్యాడ్లు డిస్కుని ఒకే చోట పట్టుకుని కూర్చుంటాయి. గేరులో పెట్టి చక్రానికి అడ్డంగా చెక్క ముక్క పెట్టండి. మొదటి సెషన్ తర్వాత చక్రాల నట్లు చల్లారనిచ్చి, కారు మాన్యువల్ పుస్తకంలో ఉన్న టార్క్‌కి (బిగింపు కొలతకి) మళ్లీ బిగించండి.

మూడో గేరు నుంచి నాలుగుకి వేసేటప్పుడు లివర్‌ని పిడికిలితో పట్టి లాగొద్దు. అరచేత్తో నిటారుగా వెనక్కి లాగితే చాలు. కంగారులో అది రెండులో పడితే ఇంజన్ ఒక్క క్షణంలో హద్దు దాటి తిరుగుతుంది, ఇంజన్ వేగానికి హద్దు పెట్టే రెవ్ లిమిటర్ కూడా కాపాడలేదు.

ఎర్ర_రోడ్‌స్టర్ | ఆదివారం, రాత్రి 10:05

శనివారం నేనూ వస్తున్నాను. ఎర్ర కారు, రోల్ బార్ మీద పసుపు ఫోమ్. టార్క్ రెంచి, గాలి పంపు నా దగ్గరున్నాయి, మీరు కొనకండి.

నాలుగో_గేరు | ఆదివారం, రాత్రి 10:12

థాంక్యూ అక్కా. చెక్క ముక్క ఇప్పుడే కోసి డిక్కీలో పెట్టాను. నోటుపుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టాను. ఈ రోజు తేదీ, ఐదు రన్నుల టైములు, "రెండో గేరు వేడెక్కాక బాగుంది" అని రాశాను.